ముడి ధాన్యము, పెరటి కూర: ఇంటిల్లిపాదికి బలమైన భోజనము

గ్రామ పంచాయతీ సమావేశములలో రోడ్డు, మంచినీటి కొళాయి, వీధి దీపము, మురుగు కాలువ మొదలగు వానిని గూర్చి తరచుగ చర్చ జరుగుచుండును. ఇంటి వంటను గూర్చి చర్చించుట అరుదు. వంట ఆడవారి పనియనియు, ఎవరి కంచములో ఏమున్నదో చూచుట ఊరి పెద్దల పని కాదనియు పలువురు తలచుట కద్దు. కాని 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను పేర్కొన్నది. వానిలో వ్యవసాయము, ఆరోగ్యము, స్త్రీ శిశు సంక్షేమము, ప్రజాపంపిణీ వ్యవస్థ కూడ ఉన్నవి. ఈ నాలుగు విషయములును వచ్చి కలియు చోటు ఇంటి కంచమే.

2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉన్నది. ఆరు నెలలు నిండి ఐదేండ్లు దాటని పిల్లలలో నూటికి 63 మందికి ఇదే లోపము. మన రాష్ట్రము అన్నపూర్ణ యని పేరొందినది. బియ్యమునకు కొదువ లేదు. అట్లయినను ఇందరికి రక్తము చాలకుండుటకు గల కారణములలో ముఖ్యమైనది ఆహారపు పొందిక. అన్నపు రాశి పెద్దది, దాని ప్రక్కన పప్పు, కూర, ఆకు చిన్నవి. ఈ పొందికను సరిచేయు పద్ధతిని పంచాయతీ సభ్యుల ఉపయోగార్థము ఈ పాఠమున వివరించుచున్నాము.

మన ప్రాంతపు తిండి మారిన తీరు

గుంటూరునకు పడమటి అంచున నున్న నల్లపాడు ఒకప్పుడు ప్రత్యేక గ్రామ పంచాయతీ. 2012లో అది గుంటూరు నగరపాలక సంస్థలో విలీనమైనది. అయినను నల్లపాడు దాటి నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి వైపులకు సాగిన నల్లరేగడి భూములు నేటికిని ప్రత్తికి, మిరపకు పేరుపడిన పల్లెలతో నిండియున్నవి. ఈ పాఠము ముఖ్యముగ ఆ పల్లెలను ఉద్దేశించినది.

బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తియైన పిమ్మట తెనాలి, రేపల్లె ప్రాంతములు మాగాణులయ్యెను. ఎగువనున్న ఈ మెట్ట భూములు మాత్రము వానను నమ్ముకొని జొన్న, సజ్జ, కొర్ర, వరిగ, కంది పండించుచు వచ్చెను. జొన్నకూడు మెట్టవాని దినభోజనము. శ్రీనాథునివిగా చెప్పబడు చాటువులలో పలనాటి జొన్నకూటిపై విసుగు వినబడుట మనవారెల్లరు ఎరిగినదే. సన్నన్నమునకు అలవాటుపడిన కవికి అది రుచింపకపోవచ్చును గాని, ఆ కూడు తిని తరతరములు నాగలి పట్టిన మాట వాస్తవము.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967 ఆగష్టు 4న కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ నీటితో మెట్టలో పెక్కు భాగము తడిసెను, వరి వచ్చెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము రాగా బీదయింటను కూడ రెండు పూటల వరియన్నము ఉడికెను. ఆకలిని తీర్చిన ఈ మేలును ఎవరును తక్కువ చేయరాదు. కాని అదే కాలమున జొన్న, కొర్ర, వరిగలు కంచము నుండి తప్పుకొనెను. వరియన్నము హోదాకు గుర్తయ్యెను; జొన్నకూడు లేమికి గుర్తయ్యెను.

మరియొక మార్పు పొలములో జరిగెను. పూర్వము ప్రత్తిచేనిలో కొన్ని సాళ్ళకొక కంది సాలు వేయుచుండిరి. గట్ల మీద అలసంద, అనుము, గోగు ఉండెడివి. చేతికి రొక్కము తెచ్చు పైరు మీద దృష్టి పెరిగిన కొలది ఈ తిండి సాళ్ళు తగ్గినవి. ఎకరాల కొలది మిరప పండించు ఇంట సైతము కూరగాయలను వారపు సంతలో కొనుచున్నారు. సంతకు, సంతకు నడుమ దినములు పచ్చడితోను, కారపుపొడితోను గడచుచున్నవి. పచ్చడి ముద్దతో అన్నము ఎక్కువగా లోనికి పోవును. ఉప్పు, కారము పోవును. కూర మాత్రము పోదు.

ఉత్తర సర్కారులు నేర్పిన పాఠము

గింజ పైపొరను తీసివేసిన ఏమగునో మన తెలుగు తీరమునకు స్వానుభవము కలదు. గత శతాబ్దపు పూర్వభాగమున బెరిబెరి యను వ్యాధి ఉత్తర సర్కారుల జిల్లాలను పీడించెను. కాళ్ళు తిమ్మిరులెక్కుట, నడక తప్పుట, నీరుపట్టి వాచుట, కొందరికి గుండె ఆగుట దాని లక్షణములు. అదే మద్రాసు రాజధానిలో తమిళ జిల్లాలందు ఈ వ్యాధి అరుదు. ఇరువురును బియ్యము తినువారే, మరి భేదమేమి?

దీనికి సమాధానపు తొలి సూచన జావా ద్వీపమున దొరకెను. 1890 దశకమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు మరపట్టిన తెల్లని బియ్యము మేసిన కోళ్ళకు కాళ్ళు పడిపోవుటను, తవుడు గల బియ్యము పెట్టగా అవి కోలుకొనుటను గమనించెను. ఈ కృషికి 1929లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను. మన దేశమున 1918లో కూనూరులో మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి పరిశోధనకై ఒక చిన్న శాఖను నెలకొల్పెను. అచటి పరిశోధకులు మన తీరపు బియ్యమును, తమిళుల బియ్యమును పోల్చి చూచిరి. తమిళులు వడ్లను ఉడికించి ఎండబెట్టి దంచిన ఉప్పుడు బియ్యము తినుచుండిరి. వడ్లను ఉడికించునప్పుడు పైపొరలోని బి-1 విటమిను గింజ లోపలికి ఇంకును. తరువాత మరపట్టినను కొంత నిలుచును. మనవారు పచ్చి వడ్లనే మరలో తెల్లగా పట్టించి, ఆ బియ్యమును పలుమార్లు కడిగి, గంజి వార్చి పారబోయుచుండిరి. మిగిలిన కొద్ది సారమును నీటిపాలు చేయుచుండిరన్నమాట.

ఆ కూనూరు శాఖయే పెరిగి 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయను పేరు పొందినది. బెరిబెరి నేడు మన పల్లెలలో కానరాదు. అయినను ఒకే ధాన్యమును తెల్లగా చేసి, దానితోనే కడుపు నింపుకొనుట ప్రమాదమను నాటి పాఠము నేటి రక్తహీనతకును, నడివయసులో వచ్చు మధుమేహమునకును వర్తించును.

రెండవ పాఠము ఆకుకూరకు చెందినది. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు తమ సోదరులను స్ప్రూ యను వ్యాధి వలన పోగొట్టుకొనిరి. అది పేగులను పీడించి రక్తమును హరించునది. వారు అమెరికా చేరి, లెడర్లే పరిశోధనశాలలో తమ బృందముతో కృషి చేసి 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు మార్గమును సాధించిరి. నేడు గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలో నున్నది ఈ పదార్థమే. ఆ పేరు లాటిను భాషలో ఆకు అను అర్థము గల మాట నుండి వచ్చినది. 1941లో దానిని మొదట పాలకూర నుండి వేరుచేసిరి. మన పెరటి ఆకుకూరలోను, పప్పుధాన్యములోను అది సహజముగ లభించుచున్నది.

ఏ గింజలో ఏమున్నది

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల నుండి కొన్ని అంకెలను స్థూలముగ ఇచ్చుచున్నాము. ఇవి 100 గ్రాముల గింజకు వర్తించును.

మరపట్టిన తెల్లబియ్యము: మాంసకృత్తులు 8 గ్రాములు, పీచు 3 గ్రాములు, ఇనుము ఒక మిల్లీగ్రాము కంటె తక్కువ.
జొన్న: మాంసకృత్తులు 10 గ్రాములు, పీచు 10 గ్రాములు, ఇనుము 4 మిల్లీగ్రాములు.
సజ్జ: మాంసకృత్తులు 11 గ్రాములు, పీచు 11 గ్రాములు, ఇనుము 6 మిల్లీగ్రాములకు పైగా.
రాగి: మాంసకృత్తులు 7 గ్రాములు, పీచు 11 గ్రాములు, ఇనుము 4.6 మిల్లీగ్రాములు. దీని విశేషము సున్నము; సుమారు 360 మిల్లీగ్రాములు కలదు. తెల్లబియ్యమున అది 10 మిల్లీగ్రాములైనను లేదు.

పీచు అధికముగ నున్న గింజ మెల్లగా అరుగును. రక్తములో చక్కెర ఒక్కసారిగా పెరుగదు. కడుపు చాలసేపు నిండుగ నుండును. అయితే ఒక్క గింజ ఎంత మంచిదైనను సంపూర్ణాహారము కాజాలదు. గింజలో కొరవడిన మాంసకృత్తుల భాగమును పప్పు పూరించును. గింజలోను, పప్పులోను నున్న ఇనుము ఒంటికి పట్టవలెనన్న నిమ్మ, ఉసిరి, టొమాటో, పచ్చిమిరప వంటి వానిలోని సి-విటమిను తోడు కావలెను. భోజనముతో పాటు కాఫీ, టీలు త్రాగినచో ఇనుము పట్టుట తగ్గును. గంట వ్యవధి ఇచ్చుట మేలు.

ఐదుగురు గల ఇంటికి ఒక పూట వంట

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము 2000 కెలోరీల ఆహారము తీసికొను పెద్దవారికి దినమునకు ధాన్యము 250 గ్రాములు, పప్పు లేక మాంసము, గ్రుడ్లు కలిపి 85 గ్రాములు, కూరలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటరులు, నూనె 27 గ్రాములు చాలును. నూనెగింజలు, పలుకులు 35 గ్రాములు చేర్చవలెను. ఎండలో మిరప కోతకు పోవు వారికి, నాగలి పట్టువారికి ధాన్యము ఇంకను కావలెను. ఆ మేరకు పెంచుకొనవచ్చును. ఉప్పు మాత్రము మనిషికి దినమునకు 5 గ్రాములు దాటరాదు.

ఈ లెక్కను అనుసరించి తల్లి, తండ్రి, నాయనమ్మ, ఇద్దరు బిడ్డలు గల ఇంటికి ఒక పూటకు కావలసినవి:

జొన్న రవ్వ 550 గ్రాములు, కందిపప్పు 175 గ్రాములు, తోటకూర అర కిలో, వంకాయలు, చిక్కుడుకాయలు కలిపి అర కిలో, పెరుగు అర లీటరు, నువ్వులు 50 గ్రాములు, నూనె 40 గ్రాములు, నిమ్మకాయ ఒకటి, ఉప్పు అన్నింటికి కలిపి రెండు చిన్న చెంచాలు.

జొన్న అన్నము: జొన్నలను ఏరి, కడిగి, ఆరబోసి, మరలో రవ్వగా పట్టించవలెను, తవుడును జల్లెడతో పారవేయరాదు. ఉదయము వండదలచినచో రవ్వను రాత్రియే నానవేయవలెను. నానుటవలన గింజ త్వరగా ఉడుకుటయే గాక, ఇనుమును ఒంటికి పట్టనీయని పదార్థము కొంత తగ్గును. కొలత ఒకటికి మూడున్నర నుండి నాలుగు వంతుల నీరు. నీరు మరిగిన పిమ్మట రవ్వను పోసి, అడుగంటకుండ కలియబెట్టుచు, మంట తగ్గించి మూతవేసి మగ్గనీయవలెను. వార్చవలసిన పని లేదు. రొట్టె కావలెనన్నచో పిండిని మరుగునీటితో కలుపవలెను. జొన్నపిండిలో గోధుమపిండికి గల సాగుడు లేదు. చన్నీటితో కలిపిన రొట్టె విరిగిపోవును. చేతితో తట్టి, పెనముపై వేసి, పై భాగమును తడిగుడ్డతో అద్ది, రెండు ప్రక్కల కాల్చవలెను.

తోటకూర పప్పు: కందిపప్పును అరగంట నానబెట్టి పసుపుతో ఉడికించవలెను. తోటకూరను మొదట కడిగి, తరువాత తరుగవలెను. తరిగిన పిదప కడిగినచో సారము నీటిలో పోవును. పప్పు మెత్తబడిన తరువాతనే ఆకు వేసి, మూతపెట్టి, ఐదు నుండి ఏడు నిమిషములు మాత్రము ఉడికించవలెను. త్వరగా ఉడుకునని సోడా వేయు అలవాటు మానవలెను. అది బి-విటమినులను నాశనము చేయును. ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకులతో పోపు పెట్టి, పొయ్యి నుండి దించిన పిమ్మట నిమ్మరసము పిండవలెను. మంటమీద నుండగా పిండిన రసములోని సి-విటమిను వేడికి చెడును.

వంకాయ చిక్కుడు కూర: చిక్కుడు నారతీసి త్రుంచి, కొద్ది నీటితో మూతపెట్టి సగము ఉడికిన తరువాత వంకాయ ముక్కలు వేసి మగ్గించవలెను. వేపుడు కంటె మగ్గుడు మేలు. నూనె సగమునకు తగ్గును. వేయించిన నువ్వులను ఉప్పు, కొద్దిపాటి కారముతో దంచి పైన చల్లినచో కూరకు రుచియు, ఒంటికి సున్నమును కలుగును. చివరకు మజ్జిగ.

ఈ క్రమమునే వారమంతయు మార్చి మార్చి వాడుకొనవచ్చును. ఒకనాడు సజ్జరొట్టె, బీరకాయ పెసరపప్పు. ఒకనాడు దంపుడు బియ్యపు అన్నము, గోంగూర పప్పు, సొరకాయ పులుసు. ఒకనాడు రాగిసంకటి, మునగాకు పప్పు. వేరొకనాడు కొర్రన్నము, బచ్చలి కంద, గ్రుడ్లు లేక చేపలు. ఒకే ఆకును దినదినము వండుట మంచిది కాదు. మాంసాహారము తినని ఇండ్లలో పప్పును, పాలను తగ్గించరాదు.

బిడ్డకు ఆరు నెలలు నిండువరకు తల్లిపాలే ఆహారము. పిమ్మట మొలకెత్తించి ఎండబెట్టిన రాగులపిండితో పలుచని జావ, మెత్తగా చిదిమిన పప్పన్నము, ఆకుకూర పెట్టవలెను. చంటిపిల్లల పొట్ట చిన్నది. పీచు ఎక్కువైన ముతక తిండితోనే దానిని నింపక, కొంచెము నెయ్యియో నూనెయో కలిపి పలుమార్లు పెట్టవలెను. 2023 మార్చిలో మన రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో రాగిజావను ప్రవేశపెట్టిన సంగతి సభ్యులు ఎరిగినదే.

ఒక సెంటు పెరడు

ఒక సెంటు భూమి సుమారు 40 చదరపు మీటరులు. ఇంటికి కావలసిన కూరలన్నియు ఇందులో పండవు. కాని ఆకుకూర కొనవలసిన అవసరము చాలవరకు తప్పును. నల్లరేగడిలో వాననీరు నిలిచి వేరు కుళ్ళును గావున మడులను జానెడు ఎత్తుగ చేసి, నడుమ కాలువ తీయవలెను. బాగుగ చివికిన పశువుల ఎరువు గంపలకొలది వేసినచో రేగడి గుల్లబారును.

కంచె వెంబడి ఒక మునగ, ఒక కరివేప, ఒక నిమ్మ నాటవలెను. ఉత్తరపు ప్రక్క పందిరి వేసి బీర, సొర, కాకర ప్రాకించినచో ఇతర మడులపై నీడ పడదు. తీగ చిక్కుడు చలికాలమున కాయును. దానిని తొలకరిలో పెట్టుకొనవలెను. మిగిలిన స్థలములో వంగ, బెండ, టొమాటో.

ఆకుకూర మడిని నాలుగు భాగములు చేసి, వారమునకొక భాగమున తోటకూర విత్తనము చల్లవలెను. తోటకూర నాలుగు వారములకు కోతకు వచ్చును. నాలుగవ భాగమున విత్తనము మొలకెత్తునాటికి మొదటి భాగము కోతకు సిద్ధముగ నుండును. కోసిన చోట మరల విత్తినచో ఎడతెగక ఆకు లభించును. అంతయు ఒకే దినమున చల్లినవాడు ఒక వారము తిని, మూడు వారములు సంతకు పోవలసివచ్చును.

బియ్యము, కూరలు కడిగిన నీరు మడులకు చాలవరకు సరిపోవును, సబ్బునీరు పోయరాదు. పురుగు కనబడినచో లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పును దంచి, రాత్రి నానబెట్టి, వడగట్టి, కొద్ది సబ్బు కలిపి సాయంకాలమున చల్లవలెను. చల్లిన తరువాత కొన్ని దినములు ఆగి, కోసి, బాగుగ కడిగి వండుకొనవలెను.

ప్రత్తిచేని ఆకుకూర: ముఖ్యమైన హెచ్చరిక

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన ప్రమాదమొకటి కలదు. కలుపుతీయ పోయిన కూలీ స్త్రీలు సాయంకాలము ప్రత్తి, మిరప చేలలో మొలచిన తోటకూర, గంగపాయల కూర, చెంచలి కూర ఒడిలో వేసికొని ఇంటికి తెచ్చుట పూర్వాచారము. పురుగుమందులు లేని దినములలో అది చక్కని అలవాటు. నేడు ఆ చేలలో మందు పలుమార్లు చల్లబడుచున్నది. కొన్ని మందులు ఆకుపై నిలుచుటయే గాక మొక్క లోపలికి ప్రవేశించును. అట్టివి ఎంత కడిగినను పోవు. కావున మందు చల్లు చేనిలోని ఆకును వండరాదు. పెరటి తోటను చేనికి దగ్గరగ, గాలివాటున పెట్టరాదు. మందు డబ్బాలను కడిగి ఉప్పునకో నూనెకో వాడుట, మందు కలిపిన విత్తనములను వండుకొనుట ప్రాణాపాయము. ఊరి వెలుపల ఊరక దొరకు ఆకు ఈ విధముగ పోయినది గావుననే పెరటి మడి నేడు మరింత అవసరమైనది.

వడ్డన క్రమము

వంట ఎంత శ్రద్ధతో చేసినను వడ్డనలో లోపమున్నచో ఫలము దక్కదు. మన ఇండ్లలో మగవారు, పిల్లలు, అత్తమామలు తిన్న పిమ్మట కోడలు కూర్చుండుట వాడుక. అప్పటికి పప్పు అడుగంటియుండును, కూర గిన్నె ఖాళీయై యుండును. అన్నము, పచ్చడి, మజ్జిగ మిగిలియుండును. నెలనెల రక్తము కోల్పోవునదియు, గర్భము మోయునదియు, బిడ్డకు పాలిచ్చునదియు ఆమెయే. అందరికంటె ఇనుము ఎక్కువ కావలసిన మనిషికి అందరికంటె తక్కువ దక్కుచున్నది. సర్వేలోని 59 అను అంకెకు ఈ వడ్డన క్రమము కూడ ఒక కారణము.

దీనికి రూపాయి ఖర్చు లేని మార్గమున్నది. ఇంటిల్లిపాది ఒక్కసారిగా కూర్చుండి తినుట మొదటిది. అది కుదరని ఇంట వడ్డన మొదలు పెట్టుటకు ముందే కోడలి వాటా పప్పు, కూర వేరొక గిన్నెలో తీసి మూతవేయుట రెండవది. ఈ పని అత్తగారు చేసినచో ఇంటిలో మాట రాదు. పంచాయతీ సభ్యుడు గ్రామసభలో చెప్పుటకు ముందు తన ఇంట దీనిని అమలు జరిపి చూపుట ఉచితము.

ఆరోగ్య కేంద్రమున ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రలను మాత్రము మానరాదు. మంచి భోజనము మాత్రకు తోడు, బదులు కాదు.

కొన్ని సందేహములు, సమాధానములు

"జొన్నకూడు పెట్టితే చుట్టాలు చిన్నచూపు చూడరటండీ?" అని కొందరు అడుగుదురు. మన దేశపు ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగ ప్రకటించినది. పట్టణములలో నేడు జొన్నరొట్టెను అడిగి కొని తినుచున్నారు. చిన్నచూపునకు కాలము చెల్లినది.

"కొర్రలు, అండుకొర్రలు కొనుటకు మా తాహతు చాలదండీ" అనుట న్యాయమైన మాట. అంగడిలో వాని ధర చౌకబియ్యమునకు ఎన్నో రెట్లు. అందుచేత జొన్న, సజ్జ, రాగులతో మొదలు పెట్టవలెను. వీనికి కొర్ర, వరిగలకు వలె గట్టి పొట్టు లేదు. ఊరి పిండిమరయే చాలును. దినమునకు ఒక పూట మార్చినను మేలే. వరికోసిన మాగాణులలో మన రైతులే రబీ జొన్న పండించి దాణాకు అమ్ముచున్నారు. అందులో ఇంటికి రెండు బస్తాలు నిలుపుకొనుటకు అడ్డేమున్నది?

"పిల్లలు తినరండీ" అనుట మరియొకటి. మొదటివారమే పూర్తిగా మార్చక, ఇడ్లీ, దోసె పిండిలో మినుములతో పాటు బియ్యమునకు బదులు సగము జొన్న రవ్వ కలిపి చూడవలెను. విత్తు నాటించి, నీరు పోయించి, కోయించిన బిడ్డ ఆ కూరను మారాము చేయక తినును.

"మధుమేహమునకు చిరుధాన్యమే మందు కదా?" అనువారు కలరు. అది ఆహారమే గాని మందు కాదు. జొన్నయైనను మితిమీరి తిన్నచో చక్కెర పెరుగును. వైద్యుడు వ్రాసిన మందు మానరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

1. పెరడు గల ఇండ్లు, లేని ఇండ్లు వార్డుల వారీగా లెక్కించుట. పెరడు లేని కూలి కుటుంబములకు పాఠశాల వెనుక గాని, చెరువు గట్టు క్రింద గాని ఆక్రమణ వివాదము లేని పంచాయతీ స్థలమున ఉమ్మడి మడులు కేటాయించుట.

2. అంగన్‌వాడీలోను, పాఠశాలలోను నీటి వసతితో కూరల మడి వేయించి, ఆ కూరను మధ్యాహ్న భోజనమునకు వాడించుట. మునగ, కరివేప మొక్కలతో ప్రారంభము సులభము.

3. ఒక డ్వాక్రా సంఘమునకు నారుమడి, విత్తనపు పొట్లముల పని అప్పగించుట. మన పెద్దలు దాచుకొను నాటు చిక్కుడు, సొర, గోగు విత్తనములను సేకరించి పంచుట.

4. 1922లో నెలకొన్న లాం వ్యవసాయ పరిశోధన స్థానము నల్లపాడు ప్రాంతమునకు చేరువనే ఉన్నది. కంది, మినుము రకములను గూర్చి అచటి శాస్త్రజ్ఞుల సలహా పొందుట. ప్రత్తిలో కంది సాళ్ళను మరల ప్రోత్సహించుట. కొర్ర పండింపదలచినవారు నంద్యాల పరిశోధన స్థానము విడుదల చేసిన సూర్యనంది వంటి రకములను పరిశీలింపవచ్చును.

5. పిండిమర యజమానితో మాట్లాడి, వారమున ఒక దినము జొన్న, సజ్జ, రాగులకు కేటాయించునట్లు చూచుట. మిరపకాయలు పట్టిన మరలో పిండి పట్టించినచో కారమగునని ఆడవారు వెనుదీయుదురు. ఈ చిన్న ఏర్పాటు ఆ చిక్కును తీర్చును.

6. 2018 నుండి ప్రతి సెప్టెంబరు మాసమున పోషణ మాసోత్సవములు జరుగుచున్నవి. ఆ నెల గ్రామసభలో ఉపన్యాసములకు బదులు పైన చెప్పిన భోజనమును వండి చూపించుట. వండుపని మగవారికి అప్పగించినచో జనము మరింతగా వచ్చెదరు.

7. ఆరోగ్య కార్యకర్త సహాయముతో గర్భిణుల, కిశోర బాలికల రక్తపరీక్షలు ఆరు నెలలకొకసారి జరుగునట్లు చూచుట. పేర్లు వెల్లడింపక, మొత్తము అంకెలను మాత్రమే పంచాయతీ సమావేశమున పరిశీలించుట. మొదటి లెక్కకు, రెండవ లెక్కకు గల భేదమే ఈ కార్యక్రమమునకు కొలబద్ద.

సమావేశమున చర్చకు ప్రశ్నలు

మన ఊరిలో నిన్న రాత్రి ఎన్ని ఇండ్లలో ఆకుకూర వండిరి? వండని ఇండ్లకు అడ్డు నీరా, స్థలమా, విత్తనమా, తీరికయా? మన మాగాణి జొన్నలో ఎంత భాగము ఊరిలో నిలుచుచున్నది? అంగన్‌వాడీ మడికి నీరు ఎవరు పోయుదురు, వేసవి సెలవులలో ఎవరు చూతురు? మన ఇండ్లలో కడపట భోజనము చేయువారెవరు, వారి కంచములో పప్పు, కూర ఎంత? ఈ ప్రశ్నలకు వార్డు సభ్యులు తమ తమ వార్డులలో విచారించి, జవాబులను వ్రాసికొని రావలెను. తీర్మానము చేయుట అటుపిమ్మట.